గేమ్ మధ్యలో ఎఫ్‌పీఎస్ పడిపోతోందా? కొత్త కార్డు కొనే ముందు ఇవి చూద్దాం

శ్రీకాకుళం, విజయనగరం తీరప్రాంతాల్లో మే నెల ఉక్కపోత మనకే కాదు, గ్రాఫిక్స్ కార్డుకూ కష్టమే. గది ఎంత వేడెక్కితే కార్డూ దాదాపు అంత అదనంగా వేడెక్కుతుంది. హద్దు దాటితే తనను కాపాడుకోవడానికి క్లాక్ స్పీడు తగ్గించుకుంటుంది. అప్పుడే గేమ్ తడబడుతుంది. అయితే కారణం ప్రతిసారీ వేడే కాదు. అందుకే ముందు కొలిచి, తర్వాతే చెయ్యి పెడదాం.

కావలసినవి

- ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ (ఉచితం, ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది)
- స్టార్ స్క్రూడ్రైవర్, మెత్తని పెయింట్ బ్రష్, చిన్న బ్లోయర్
- కాగితం, పెన్ను

పద్ధతి

1. మానిటర్ కేబుల్ చూద్దాం. అది కార్డు పోర్టులోనే ఉండాలి. మదర్‌బోర్డు పోర్టులో ఉంటే ముందు దాన్ని మార్చాలి.

2. ఆఫ్టర్‌బర్నర్ సెట్టింగ్స్‌లో మానిటరింగ్ తెరిచి ఉష్ణోగ్రత, క్లాక్, యూసేజ్, మెమరీ, ఫ్రేమ్‌రేట్ (ఎఫ్‌పీఎస్) తెరపై కనిపించేలా టిక్ పెడదాం.

3. ఒకే గేమ్‌లో ఒకే చోట అరగంట ఆడదాం. మొదట్లో, చివర్లో అంకెలు రాసుకుందాం.

4. ఇప్పుడు అంకెలు చదువుదాం.
- ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ క్లాక్ పడిపోతే వేడే కారణం. చాలా ఎన్‌విడియా కార్డుల్లో డిఫాల్ట్ హద్దు 83 డిగ్రీల దగ్గర ఉంటుంది.
- ఎఫ్‌పీఎస్ తక్కువగా ఉన్నా కార్డు యూసేజ్ 60 శాతం దగ్గరే ఆగితే ప్రాసెసర్‌నో, ఫ్రేమ్ లిమిట్‌నో, వెనకాల నడిచే ప్రోగ్రాములనో చూడాలి.
- కార్డు మెమరీ నిండిపోతే గేమ్‌లో టెక్స్‌చర్ క్వాలిటీ ఒక మెట్టు దించాలి.

5. కారణం వేడైతే కేబినెట్ పక్క మూత తీసి మళ్లీ ఆడదాం. ఉష్ణోగ్రత బాగా తగ్గితే లోపలికి గాలి చాలడం లేదన్నమాట.

6. ఇక దుమ్ము దులుపుదాం. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి ఉంచాలి. కేబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి తాకాలి. కార్డు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపిపట్టి అప్పుడే బ్లోయర్ కొట్టాలి. వదిలేస్తే ఫ్యాన్ గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతినొచ్చు.

7. మూత బిగించి, మూడో మెట్టు మళ్లీ చేసి అంకెలు పోల్చుదాం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

- డ్రైవర్, సెట్టింగ్స్, శుభ్రం అన్నీ ఒకేసారి మార్చేయడం. దేనివల్ల బాగైందో తెలియదు. ఒక్కోటే మారుద్దాం.
- కరెంటు పోయాక బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌పీఎస్ తగ్గిందని కంగారుపడటం. చార్జర్ లేకుంటే కార్డు తక్కువ పవర్ వాడుతుంది.
- ఆడుతుండగా పీసీ ఆరిపోతే డ్రైవర్‌ను తిట్టడం. అప్పుడు ముందు చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), కార్డుకు వెళ్లే పవర్ కేబుల్, ఇంటి వోల్టేజీ.
- సముద్రపు గాలి వచ్చే కిటికీ పక్కన కేబినెట్ పెట్టడం. ఉప్పుగాలికి లోహం తుప్పు పడుతుంది.
- వారంటీ ఉండగా థర్మల్ పేస్ట్ కోసం కార్డు విప్పడం. ముందు వారంటీ షరతులు చదవండి.

ఇన్ని చేసినా మార్పు లేకపోతే, రాసుకున్న అంకెల కాగితంతో సహా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఆ అంకెలు చూడకుండానే కొత్త కార్డు కొనమని ఎవరైనా చెబితే, ఇంకొకరికి చూపించండి.