శీతల జలాలలో ఒంటరి చేపల వేట: ప్రాణరక్షణకు ఒడ్డునే చేసుకోవలసిన ఏర్పాట్లు

చల్లని నీటిలో పడిన మనిషి చలికి కొయ్యబారి మరణిస్తాడన్న అభిప్రాయం సామాన్యుల్లోనే కాక శిక్షణ తరగతుల్లోనూ బలంగా ఉంది. దీనివల్ల కలిగిన నష్టం తక్కువేమీ కాదు. హైపోథెర్మియా, అంటే శరీర అంతర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోయే స్థితి, మామూలు దుస్తుల్లో ఉన్న వయోజనుడికి మంచులాంటి నీటిలో సైతం సుమారు అరగంటకు గాని ఏర్పడదు. శీతల జలాల్లో ప్రాణాలు కోల్పోయేవారిలో అనేకులు అంతసేపు జీవించి ఉండరు. పడవ కళ్ల ముందే ఉండగా, మొదటి కొద్ది నిమిషాల్లోనే మునిగిపోతారు. ఇద్దరున్న పడవలో ఆ కొద్ది నిమిషాలను రెండవ వ్యక్తి చేతులు కాపాడగలవు. ఒంటరిగా వేటకు పోయినవాడికి ఆ క్షణాన ఉపయోగపడేది అతని ఒంటిమీద ఉన్నది మాత్రమే. ఈ తేడాను గుర్తించకుండా తయారైన భద్రతా పాఠం ఎంత సమగ్రంగా ఉన్నా ఒంటరి మత్స్యకారుడికి అక్కరకు రాదు.

నీటిలో శరీరం పొందే మార్పులు

నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని వహించుకుపోతుంది. అయితే తొలి ప్రమాదం వేడి నష్టం వల్ల కాదు, చర్మం హఠాత్తుగా చల్లబడటం వల్ల వస్తుంది. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు ఫ్రాంక్ గోల్డెన్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ శరీరధర్మ శాస్త్రవేత్త మైక్ టిప్టన్ ప్రభృతుల పరిశోధనలు ఈ విషయాన్ని స్పష్టపరచాయి. చల్లని నీరు తాకగానే మనిషి తన ప్రమేయం లేకుండానే ఒక్కసారిగా గాలిని ఎగపీలుస్తాడు. ఆ క్షణంలో నోరు నీటి అడుగున ఉంటే లోపలికి పోయేది గాలి కాదు, నీరు. వెనువెంటనే శ్వాస అదుపు తప్పి రొప్పుగా మారుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఒడ్డున నిమిషంపాటు ఊపిరి బిగబట్టగలిగిన వ్యక్తి ఇక్కడ పది సెకన్లు కూడా బిగబట్టలేకపోవచ్చు. శీతల ఆఘాతంగా పేర్కొనదగిన ఈ దశ మొదటి అర నిమిషంలో తీవ్రంగా ఉండి, రెండు మూడు నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. ఈత ఎంత బాగా వచ్చినా ఆ వ్యవధిలో ఈదబోవడం ప్రమాదకరమే. శ్వాస కుదుటపడేవరకు ముఖం పైకి ఉంచి తేలుతూ ఉండటమొక్కటే చేయదగిన పని. బ్రిటన్‌లోని రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ ప్రజలకు చేస్తున్న ప్రధాన బోధన కూడా ఇదే.

తరువాతి దశను గురించి సాధారణంగా తక్కువగా చెబుతారు గాని ఒంటరి వేటగాడి విషయంలో అదే కీలకమైనది. శరీరం లోపలి అవయవాలను కాపాడుకోవడానికి చేతులకు, కాళ్లకు రక్తప్రసరణను తగ్గిస్తుంది. కండరాలు, నాడులు చల్లబడతాయి. మొదట వేళ్లు పట్టు కోల్పోతాయి, తరువాత చేతులు మాట వినవు. తాడు పట్టుకోవడం, బకిల్ బిగించడం, ఫోను మీట నొక్కడం వంటి చిన్న పనులే ముందుగా అసాధ్యమవుతాయి. ఈతగాడు నిటారుగా మారి, కాళ్లు దిగువకు జారి, ఉన్నచోటనే నీళ్లు కొట్టుకుంటూ మునిగిపోతాడు. అప్పటికీ అతని అంతర ఉష్ణోగ్రత దాదాపు సాధారణంగానే ఉండవచ్చు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ క్రమాన్ని ఒకటి–పది–ఒకటి అన్న సూత్రంగా ప్రచారం చేశారు. శ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, ప్రయోజనకరమైన కదలికకు పది నిమిషాలు, స్పృహ కోల్పోవడానికి ముందు ఒక గంట. ఇవి అతిశీతల నీటికి వేసిన ఉజ్జాయింపు అంకెలు. నీటి ఉష్ణోగ్రతను, దేహాన్ని, దుస్తులను బట్టి మారతాయి. అయినా బోధనకు ఇంతకంటే అనువైన సూత్రం దొరకడం కష్టం. చివరి గంట ఎవరికి దక్కుతుందన్నదే ఇందులో గమనించవలసిన అంశం. నోరు నీటికి పైన నిలిచి ఉన్నవాడికే అది దక్కుతుంది. లైఫ్ జాకెట్ లేనివాడికి సూత్రం పది నిమిషాల దగ్గరే ముగుస్తుంది.

దీనికి విరుద్ధంగా కనిపించే ఉదంతం ఒకటి తరచుగా ఉదాహరించబడుతుంది. 1984 మార్చిలో ఐస్‌లాండ్‌కు చెందిన వెస్ట్‌మన్ దీవుల సమీపంలో హెల్లిసే అనే వేట బోటు మునిగిపోగా, గుడ్లౌగుర్ ఫ్రిద్‌థోర్సన్ అనే నావికుడు 5–6 డిగ్రీల నీటిలో దాదాపు ఆరు గంటలు ఈది ఒడ్డు చేరాడు. తరువాత జరిపిన పరీక్షల్లో అతని చర్మం కింది కొవ్వుపొర అసాధారణ మందంలో ఉన్నట్లు తేలింది. ఆ రాత్రి బోటులోని మిగిలిన నలుగురూ మరణించారు. పాఠానికి ఆధారం కావలసినది ఆ నలుగురి అనుభవమే గాని అతని అనుభవం కాదు.

పడవ వెళ్లిపోయినప్పుడు

స్కాట్లాండ్ తీరంలో పీతలు, లాబ్‌స్టర్ల కోసం బుట్టలు వేసే చిన్న బోట్లలో అనేకం ఒక్క మనిషితోనే నడుస్తాయి. అక్కడి సముద్ర జలం ఏడాదిలో ఎక్కువ కాలం 15 డిగ్రీల లోపే ఉంటుంది. తాడుకు వరుసగా కట్టిన బరువైన బుట్టలను, బోటు ముందుకు సాగుతుండగా, ఒకదాని తరువాత ఒకటి నీటిలోకి వదులుతారు. డెక్కుపై పరుగెత్తే తాడు చుట్టలో కాలు చిక్కితే మనిషి బుట్టలతోపాటు లోపలికి పోతాడు. కాలు చిక్కకుండా కేవలం జారిపడినా, గేరులో ఉన్న బోటు అతన్ని వదిలి ముందుకు సాగిపోతుంది. మామూలు నడక వేగంతో పోయే బోటును సైతం బరువైన దుస్తుల్లో ఉన్నవాడు ఈది అందుకోలేడు. అందువల్ల పడవలో భద్రంగా దాచిన లైఫ్ జాకెట్, రేడియో, సంకేత దీపాలు అన్నీ ఒక్కసారిగా అతనికి లేనట్లే అవుతాయి.

2013 జూలైలో అమెరికాలోని మాంటాక్ నుంచి బయలుదేరిన లాబ్‌స్టర్ బోటు ఒకదానిలో ఇదే జరిగింది. జాన్ ఆల్‌డ్రిడ్జ్ అనే మత్స్యకారుడు, సహచరులు లోపల నిద్రిస్తుండగా, రాత్రివేళ డెక్కుపై ఒంటరిగా పనిచేస్తూ ఐస్ పెట్టెను లాగుతున్నప్పుడు దాని పిడి తెగి వెనుకకు నీటిలో పడిపోయాడు. బోటు ఆటోపైలట్ మీద సాగిపోయింది. లైఫ్ జాకెట్ లేదు. రబ్బరు గంబూట్లను విప్పి, బోర్లించి, వాటిలో గాలి నింపి చంకల కింద పెట్టుకొని తేలాడు. సుమారు పన్నెండు గంటల తరువాత తీరరక్షక దళం హెలికాప్టర్ అతన్ని కనుగొన్నది. అతని సమయస్ఫూర్తి ప్రశంసనీయమే. కాని ఆ వేసవి నీరు 22 డిగ్రీల ప్రాంతంలో ఉండటం వల్లనే గంబూట్లను విప్పే శక్తి చేతులకు మిగిలింది. నీరు 8 డిగ్రీలైతే ఆ ఉపాయం తోచినా అమలు కావడం సందేహమే. గంబూట్లలో నీరు నిండితే మనిషిని అడుగుకు లాగేస్తాయన్న భయం మాత్రం నిరాధారం. నీటిలో ఉన్న నీటికి అదనపు బరువు లేదు. ఆ భారం తెలిసేది పడవలోకి ఎక్కబోయినప్పుడే.

ఒడ్డున చేసుకోవలసిన ఏర్పాట్లు

లైఫ్ జాకెట్ ఉండటం, ధరించడం వేర్వేరు విషయాలు. అమెరికా తీరరక్షక దళం 2022 గణాంకాల ప్రకారం, కారణం తెలిసిన విహార పడవ మరణాల్లో 75 శాతం నీట మునగడం వల్ల సంభవించినవే. అలా మునిగినవారిలో, వివరాలు నమోదైనంతవరకు, 85 శాతం మంది జాకెట్ ధరించలేదు. బ్రిటన్‌లో 2018 నవంబరు నుంచి వేట బోటు డెక్కుపై పనిచేసేవారు, నీటిలో పడే అవకాశమే లేదని రాతపూర్వకంగా చూపగలిగితే తప్ప, దానిని ధరించి ఉండాలన్న నిబంధన వచ్చింది. తొడల మధ్యగా బిగించే పట్టీ లేకపోతే నీటిలో జాకెట్ పైకి జారి ముఖాన్ని కప్పేస్తుంది. ధర తగ్గించుకోవడానికి మొదట వదిలేసేది ఆ పట్టీనే కావడం విచారకరం. గాలితో ఉబ్బే రకమైతే గ్యాస్ సిలిండర్ బిగుతును ప్రతి ప్రయాణానికి ముందు చూసుకోవాలి.

ఇంజను ఆపే తాడు ఖర్చు స్వల్పం. ఒక కొస నడిపేవాడి ఒంటికి, మరో కొస స్విచ్‌కు ఉంటుంది; మనిషి పడిపోతే ఇంజను ఆగుతుంది. అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ స్విచ్ అమర్చిన 26 అడుగుల లోపు బోట్లను వేగంగా నడిపేటప్పుడు దీనిని తగిలించుకోవడం తప్పనిసరి చేశారు. అయితే వల లాగుతూ చుక్కానికి దూరంగా నిలబడినప్పుడు తాడు అందదు. అప్పుడు ఇంజనును న్యూట్రల్‌లో ఉంచడమో, ఒంటికి ధరించే వైర్‌లెస్ మీటను వాడటమో మార్గం.

ఇంజను ఆగి, పడవ దగ్గరే ఉన్నప్పటికీ ఎక్కడం మరో సమస్య. పొడిబట్టలతో, వెచ్చని చేతులతో ఎక్కగలిగే అంచు, తడిసిన దుస్తులతో, మొద్దుబారిన వేళ్లతో అందని ఎత్తవుతుంది. నీటిలో ఉన్నవాడే కిందికి లాగి దించుకోగలిగిన నిచ్చెన ఉండాలి. దాని కనీసం రెండు మెట్లు నీటి అడుగుకు చేరాలి. నిచ్చెన లేని చోట పాదం పెట్టడానికి వీలైన తాడు ఉచ్చు ఒకటి అంచుకు వేలాడదీసినా చాలును. వేసవిలో లోతులేని నీటిలో, తోడు ఉండగా, ఒకసారి ఎక్కి చూడని ఏర్పాటును ఏర్పాటుగా లెక్కించరాదు. ఎక్కలేకపోతే బోల్తాపడిన పడవను విడిచి ఒడ్డుకు ఈదరాదు. వీలైనంత శరీరాన్ని నీటికి పైకి తెచ్చి దానినే అంటిపెట్టుకోవాలి.

దుస్తులను గాలిని చూసి కాక నీటిని చూసి ఎంచుకోవాలి. మే నెలలో సుపీరియర్ సరస్సు ఒడ్డున గాలి 20 డిగ్రీలు దాటినా నీరు 4–5 డిగ్రీల దగ్గరే ఉండవచ్చు. అమెరికా, కెనడాల్లో చదువుకునే తెలుగు విద్యార్థులు వసంతకాలపు ఎండను చూసి మోసపోయే సందర్భం ఇదే. కబురు పంపే సాధనం, అది 406 మెగాహెర్ట్జ్ బీకన్ అయినా, నీరు చొరని సంచిలోని ఫోను అయినా, జాకెట్‌కే కట్టి ఉండాలి. తిరిగి వచ్చే వేళను, వేట స్థలాన్ని ఒడ్డున ఒకరికి చెప్పి, ఆ వేళ దాటితే వారు ఎవరికి ఫోను చేయాలో కూడా ముందే నిర్ణయించాలి. మన తీరంలో తీరరక్షక దళం సంఖ్య 1554, లోతట్టు జలాశయాల్లో 112.

పైకి తీసిన తరువాత కూడా ప్రమాదం తొలగిపోదు. చాలాసేపు చల్లని నీటిలో ఉన్నవాడిని నిటారుగా నిలబెట్టినా నడిపించినా రక్తపోటు పడిపోయి కుప్పకూలవచ్చు. పడుకోబెట్టి, కుదుపులు లేకుండా కదిలించి, తడి బట్టలు తీసి కప్పి ఉంచాలి. చేతులు కాళ్లు రుద్దడం, మద్యం పట్టించడం రెండూ హానికరం.

తెలుగు నేల జలాశయాలకు అన్వయం

ఈ చర్చ అంతా మంచుదేశాల గొడవగా కనిపించవచ్చు. శీతల ఆఘాతం 10–15 డిగ్రీల నీటిలో పరాకాష్ఠకు చేరినా, 25 డిగ్రీల దిగువ నుంచే దాని ఛాయలు మొదలవుతాయి. పుష్య మాసపు తెల్లవారుజామున నాగార్జునసాగర్, శ్రీశైలం, శ్రీరాంసాగర్ వంటి జలాశయాల పైనీరు ఆ హద్దుకు దిగువన ఉండటం వింత కాదు. ఇక్కడ ఆఘాతం మందంగా ఉంటుంది, చేతులు ఎక్కువసేపు పనిచేస్తాయి. కాని సాయంత్రం వేసిన వలను చీకటితోనే తీయబోయే మత్స్యకారుడు తరచుగా ఒక్కడే. మునిగిన చెట్ల మోడులకు వల తగులుకుంటే విడిపించడానికి ఒకవైపుకు వంగుతాడు. గుండ్రని పుట్టి అటువంటి ఏకపక్ష భారాన్ని ఓర్వదు. పడినవాడు నీటిలోనుంచి ఒంటరిగా పుట్టిలోకి ఎక్కడం దాదాపు అసాధ్యం. అంచు పట్టి లాగితే అది అతని మీదికే ఒరుగుతుంది. కాబట్టి పుట్టికి నిచ్చెన సలహా పనికిరాదు. అంచు చుట్టూ పట్టుకోవడానికి తాడు కట్టడం, ఒంటిపై తేలే జాకెట్, వల చుట్టుకుంటే కోయడానికి నడుముకు చిన్న కత్తి, ఈ మూడే ఇక్కడ అర్థవంతమైనవి.

విస్తరణలో ఎదురయ్యే చిక్కు

ఎవరెట్ రోజర్స్ నివారణాత్మక ఆవిష్కరణలుగా వర్గీకరించిన వాటి వ్యాప్తి సహజంగానే మందకొడిగా సాగుతుంది. వాటి ఫలితం ఒక సంఘటన జరగకపోవడమే కావడం దీనికి కారణం. విత్తనశుద్ధి చేసిన రైతుకు రాని తెగులు కనిపించనట్లే, జాకెట్ వేసుకున్న మత్స్యకారుడికి తప్పిన చావు కనిపించదు. కనిపించేది ఉక్కపోత, వల లాగేటప్పుడు అడ్డు, తోటివారి ఎగతాళి. ఈ అభ్యంతరాలను అజ్ఞానంగా కొట్టివేసే విస్తరణ కార్యకర్త మాట చెల్లదు. పలుచని, చంకల దగ్గర తెరపి ఉన్న రకాలను నలుగురు అనుభవజ్ఞులకిచ్చి ఒక వేట కాలం వాడించి, ఎక్కడ ఒరుసుకుంటున్నదో వారిచేతనే చెప్పించడం మేలైన ఆరంభం. కరపత్రాలకంటే పద్ధతి ప్రదర్శన ఎక్కువ ఫలితమిస్తుంది.

తరగతి గదిలోనే చేయదగిన ప్రదర్శన ఒకటి ఉంది. బకెట్టు నీటిలో మంచు ముక్కలు వేసి, అభ్యాసకుడి చేతిని మణికట్టు దాటేవరకు రెండు నిమిషాలు ముంచి ఉంచాలి. బయటికి తీయగానే అదే చేతితో జాకెట్ బకిల్ బిగించమని, ఫోనులో మూడంకెలు నొక్కమని చెప్పి, పట్టిన సమయాన్ని వెచ్చని చేతితో పట్టిన సమయం పక్కన నల్లబల్లపై రాయాలి. నొప్పి భరించలేనివారు వెంటనే చేయి తీసేయవచ్చు. మంచునీరు రక్తపోటును పెంచుతుంది గనుక హృద్రోగులను, రక్తపోటు ఉన్నవారిని, చలికి వేళ్లు తెల్లబడే లక్షణం ఉన్నవారిని దీనికి ఎంపిక చేయరాదు.