ఇంటి వీడియోలకు ఇంట్లోనే సర్వర్

ప్రశ్న: ఏడుపాయల జాతర, మెదక్ చర్చి క్రిస్మస్, పిల్లల బతుకమ్మ వీడియోలు రెండు టెరాబైట్లు దాటాయి. టీవీలో, ఫోన్లలో చూసేలా ఇంట్లోనే సర్వర్ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మెదక్

జవాబు: తప్పకుండా. మూలనపడ్డ పాత ల్యాప్‌టాప్ చాలు. బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా వెంటనే ఆగదు, ఉబ్బిందా, తీసేయండి. లినక్స్ వేసి, 2018లో ఎంబీ అనే మీడియా సర్వర్ నుంచి విడివడిన ఉచిత సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్ పెట్టండి. రౌటర్‌కు కేబుల్‌తోనే కలపండి. హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియోలను చాలా టీవీలు నేరుగా చూపిస్తాయి, ప్రాసెసర్‌పై భారం పడదు.

నా బెంగంతా డిస్క్ గురించే. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా రాసే రెయిడ్ పెట్టినా అది బ్యాకప్ కాదు: పొరపాటున చెరిపితే రెండింటిలోనూ పోతుంది. మరో డిస్కులో నకలు తీసి, వేరే ఊళ్లో చుట్టాలింట్లో ఉంచండి. పెద్దవాళ్ల గొంతులున్న వీడియోలు ముందుగా.