ఆదివారం అన్నం

ఫిత్రాకు కొలతా ఉంది, గడువూ ఉంది. తలకు ఒక సా, అంటే సుమారు 2.5 కిలోల ధాన్యం, ఈద్ నమాజుకు ముందే పేదలకు చేరాలి. నమాజు దాటితే అది మామూలు సదఖా కిందికే వస్తుంది.

మన శ్రీకాళహస్తిలో అన్నం పెట్టే చేతులకు కొదవ లేదు. ఆలయంలో నిత్యాన్నదానం ఉంది. 2024 ఆగస్టు 15న రాష్ట్రంలో మళ్లీ మొదలైన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలే. కానీ వాటికి ఆదివారం సెలవు. చాలామంది కూలీలకు పని దొరకనిదీ ఆ రోజే.

అందుకే బియ్యం మూట పంపే ముందు ఒకసారి వెళ్లి, వడ్డించేవారి పక్కన నిలబడి చూద్దాం. ఏ పూట అన్నం మిగులుతోందో, ఏ పూట చాలడం లేదో అడుగుదాం. పొయ్యి లేనివారికి బియ్యం దేనికి? వండిన అన్నమే కావాలి. ఈ ఏడు మన విరాళంలో కొంత ఆదివారం మధ్యాహ్నానికి కేటాయిద్దాం, ఫొటోలు తీయకుండా.