శామీర్‌పేట బండ, మారిషస్ నల్లరాయి

శామీర్‌పేట చెరువు పరిసరాల్లో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రని బండలను చూశారా? ఓ చిన్న రాతిముక్కను ఎండలో తిప్పండి. గులాబీ, తెలుపు, నలుపు గింజలు మెరుస్తాయి. ఇది గ్రానైటు. వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు!

ఇప్పుడు పడమరగా వికారాబాదు వైపు వెళ్లండి. అక్కడ నల్లరాయి ఎదురవుతుంది. దీనిలోని గింజలు కంటికి ఆనవు. ఇది బసాల్టు. రెండూ ఒకప్పుడు కరిగిన శిలాద్రవమే. మరి ఇంత తేడా ఎందుకు?

ఇంట్లోనే పరీక్షించండి. పెద్దల సాయంతో, వేడినీటిలో ఇక కరగనంతవరకు పటికపొడి కరిగించి రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాన్ని చన్నీళ్ల గిన్నెలో ఉంచండి. రెండోదానికి మందపు గుడ్డ చుట్టి కదపకుండా వదలండి. త్వరగా చల్లారిన దానిలో సన్నని పలుకులు, నెమ్మదిగా చల్లారిన దానిలో పెద్ద స్ఫటికాలు ఏర్పడతాయి. గ్రానైటు భూమి లోతున మెల్లగా చల్లారింది. బసాల్టు పైకి ఉబికి త్వరగా గట్టిపడింది.

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కనులో లావా పొరలు పొరలుగా పారింది. నేటికీ ఆ నల్లరాయి దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో పరచుకుని ఉంది. మరి దాన్ని కరిగించిన పొయ్యి ఏమైంది? శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం, అది ఇప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఉంది! అక్కడి 2,632 మీటర్ల 'పిటోన్ ద లా ఫూర్నేజ్' అగ్నిపర్వతం ఇంకా తరచు లావా కక్కుతూనే ఉంది.

పొయ్యి మనల్ని వదిలిపోలేదు. మనమే జరిగి వచ్చాం. వెలిగే దీపం మీదుగా పలకను మెల్లగా జరిపితే మసిచార పడుతుంది కదా! అలాగే భూఫలకాలు కదులుతుండగా మాల్దీవుల అడుగునున్న శిలలు, మారిషస్, రీయూనియన్ వరుసగా ఏర్పడ్డాయి.

వేగం ఎంత? పూణె 18.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, రీయూనియన్ 21 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉన్నాయి. తేడా 39.5 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దాదాపు 4,400 కిలోమీటర్లు. దీన్ని 6.6 కోట్లతో భాగించండి. స్థూలంగా ఏడాదికి 7 సెంటీమీటర్లు! మీ గోరు పెరిగే వేగానికి రెట్టింపు, అంతే.

పంతొమ్మిదో శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలు చెరుకు తోటల్లో పనికి మారిషస్ వెళ్లారు. అక్కడ వారిని 'కోరింగీలు' అన్నారు. కూలీలు పొలాల్లోంచి ఏరి పోసిన నల్లరాళ్ల గుట్టలు నేటికీ చెరుకు తోటల మధ్య కనిపిస్తాయి. దక్కను నల్లరాయిని వండిన పొయ్యే ఆ రాళ్లనూ వండింది! పాత అగ్నిపర్వత బిలంలో నిలిచిన నీరే అక్కడి 'గంగా తలావ్'. దాని గట్టున ఇప్పుడు ఆలయాలున్నాయి. తీరంలోని తెల్లని ఇసుక మాత్రం పగడపు దిబ్బలు అరిగి ఏర్పడినది. రీయూనియన్ తీరాల్లోని నల్లని ఇసుక బసాల్టు పొడి.

హైదరాబాదు చుట్టూ ఎన్నో బండలు పగిలి కంకరగా మారాయి. కంకర మనకు అవసరమే. కానీ 250 కోట్ల ఏళ్ల బండను ఒక్కసారి పేల్చేస్తే, మళ్లీ చేయగల కార్ఖానా ఎక్కడా లేదు. అందుకే మీ ఊరి బండను ఈ ఆదివారమే భూతద్దంతో చూసి, దాని బొమ్మ గీసి, గింజల రంగులు నోటుబుక్కులో రాసుకోండి.