డిస్కా? డౌన్‌లోడా?

తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. నేడు దాని ప్రతి ఒక్కటీ మిగలలేదు. మరి ఇప్పటి సినిమాలు మిగులుతాయా?

అచ్చొత్తిన డి.వి.డి.లో సినిమా అతిసూక్ష్మమైన గుంటల రూపంలో ఉంటుంది. వాటి వరుసల మధ్య ఎడం 0.74 మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా తక్కువ! లేసర్ కిరణం వాటిని చదువుతుంది. ఒక్క పొరలో 470 కోట్ల బైట్లు పడతాయి. గీతలు పడితే మాత్రం చదవడం కష్టం.

డౌన్‌లోడ్ చేసిన సినిమా ఫోనులో విద్యుదావేశంగా నిలుస్తుంది. దానికి గీతల భయం లేదు. కాని ఫోను చెడితే సినిమా పోవచ్చు. డబ్బిచ్చి కొన్నా, కొన్నిటిని తెరవడానికి కంపెనీ అనుమతి కావాలి. డిస్కుకైతే ఆడించే యంత్రం ఉంటే చాలు.

రెండూ శాశ్వతం కావు. ప్రతులు ఎక్కువైతే నష్టభయం తక్కువ. మీ బడి వార్షికోత్సవం వీడియో ఎన్ని చోట్ల ఉందో చూడండి. ఒక్కచోటే ఉంటే, ఈరోజే మరో ప్రతి తీసి వేరే చోట దాచండి.