ఒక్క పంక్తి వర్ణన

డెబియన్ అనునది కంప్యూటరును నడుపు ఆపరేటింగ్ సిస్టమ్. 1993లో ఇయాన్ మర్డాక్ దీనిని ఆరంభించెను. పలు దేశముల స్వచ్ఛంద సేవకులు నేటికిని దీనిని పోషించుచున్నారు. 2023లో వెలువడిన 12వ కూర్పున 60,000కు పైగా ప్యాకేజీలు గలవు. అంగడిలో డబ్బాపై అంటించిన చీటివలె ప్రతి ప్యాకేజీకిని ఒక వర్ణన ఉండును. దానిని చదివియే జనులు తమకు కావలసినదానిని ఏరుకొందురు.

వర్ణనలోని మొదటి పంక్తి 80 అక్షరములకు లోబడవలెను. అది వాక్యము కాదు, పదబంధము మాత్రమే. కావున దాని చివర పూర్ణవిరామము ఉంచరాదు. "ఇది చిత్రములను దిద్దు మంచి ప్రోగ్రాము" అనుటకంటె "చిత్రములను దిద్దు సాధనము" అనుట మేలు. మంచిదో కాదో వాడినవారు తేల్చుకొందురు గదా!

ఈ వర్ణనలలో పదేపదే కనబడు దోషము 'అలౌస్ టు' అనునది. తెలుగున "ఫైళ్లను చూచుటకు వీలు కల్పించును" అన్నచో, ఎవరికి అను ప్రశ్న పుట్టదు. ఫ్రెంచి భాషయందును ఇట్టి వాక్యము చెల్లును. ఆంగ్లమున మాత్రము 'అలౌ' అను క్రియకు తరువాత అనుమతి పొందువారిని చెప్పి, పిదప 'టు' చేర్చవలెను. 'అలౌస్ యూజర్స్ టు వ్యూ' అనియో, 'అలౌస్ వ్యూయింగ్' అనియో ఉండవలెను. మాతృభాష నడకను ఆంగ్లమున దింపుటచే ఈ తప్పు దొరలును.

లింటియన్ అను పరిశీలక ప్రోగ్రాము ఈ జంటపదమును పట్టుకొని, నడుమ 'ఒకరు' అను అర్థము గల 'వన్' చేర్చి, 'అలౌస్ వన్ టు' అని దిద్దుమనును. అయితే యంత్రము పదములను చూచును గాని అన్వయమును చూడదు. 'ది యూజర్స్ ఇట్ అలౌస్ టు కనెక్ట్' అనగా "అది చేరనిచ్చు వాడుకరులు" అని భావము. ఇచ్చట కర్మయైన 'యూజర్స్' ముందే వచ్చినది. కావున ఈ 'అలౌస్ టు' సాధువే. 'వన్' చేర్చినచో వాక్యము చెడును.

దిద్దుటయందు మరియొక చిక్కు గలదు. ఈ వర్ణనలను స్వచ్ఛంద సేవకులు అన్యభాషలలోనికి అనువదించుచుందురు. ప్రతి అనువాదమును మూలములోని అక్షరములకు ముడిపడియుండును. మూలమున ఒక్క కామా మారినను పాత అనువాదము దానికి వర్తింపదు. ప్రతి భాషవారును దానిని మరల సరిచూడవలెను. అందుచే నేడొకటి, రేపొకటిగా గాక, ఒక వర్ణనలోని దోషములనన్నిటిని ఏరి ఒకేసారి దిద్దుట అనువాదకులకు మేలు.