పాల సంఘం కంప్యూటరు మార్చేటప్పుడు

సంఘాల తనిఖీకి వెళ్ళిన చోట్ల ఈ మధ్య ఒక మాట తరచుగా వినబడుతున్నది. పాత కంప్యూటరు మొరాయిస్తున్నది, కొత్తది కొన్నాము, కాని పాల లెక్క ప్రోగ్రాము దానిలోకి ఎక్కడం లేదు అని. ప్రోగ్రాము ఇచ్చినవారు ఏనాడో దుకాణం ఎత్తివేసి ఉంటారు. సి.డి. ఎవరి దగ్గర ఉన్నదో తెలియదు. అటువంటప్పుడు పాత డిస్కులోని విండోసు, ప్రోగ్రాము, సభ్యుల ఖాతాలు అన్నీ ఉన్నవి ఉన్నట్లుగా ఎత్తి కొత్త యంత్రంలోకి దించడమే దారి. అలా ఎత్తిన మొత్తం నకలును సిస్టమ్ ఇమేజి అంటారు.

నకలు తీయడం కష్టం కాదు. అది కొత్త యంత్రంలో లేవడమే కష్టం. చెయ్యి మారితే గేదె చేపదని మనకు తెలుసు. విండోసుది కూడా అదే స్వభావం. ఎక్కించిన రోజున ఆ పెట్టెలో ఏ డిస్కు దారి ఉన్నది, ఏ బోర్డు ఉన్నది అని చూసుకొని వాటికి తగిన డ్రైవర్లను పెట్టుకుంటుంది. యంత్రం మారితే తన డిస్కును తానే చదువుకోలేక నీలి తెర చూపి ఆగిపోతుంది. ఆ తెరమీద చివర 7బి అనే అంకె ఉంటే దాని అర్థం ఇదే. ఖాతాలు చెడిపోయాయని కాదు. ఈ సంగతి తెలియక "డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అనే మెకానిక్కులు ఉన్నారు.

నా పరిధిలోని ఒక సంఘంలో సరిగ్గా ఇదే జరగబోయింది. అక్కడ విండోసు 7 ఉన్న కంప్యూటరు ఒక ఉదయం పూట లేవలేదు. మెకానిక్కు డిస్కు ఊడదీసి కొత్త పెట్టెలో తగిలించాడు. కొత్త పెట్టె అసలు ఆ డిస్కును గుర్తించనే లేదు. నేను వెళ్ళేసరికి ఫార్మాట్ చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. అరుగుమీద కూర్చున్న ఒక పెద్దామె, రెండు గేదెల మీద బతుకుతున్న సభ్యురాలు, "ఏం సారూ, నా ఏడాది లెక్కంతా ఆ పెట్టెలోనే ఉందంట గదా, మరి బోనసు ఎట్టా?" అని అడిగింది. ఏడాదిలో పోసిన పాల విలువనుబట్టి బోనసు కట్టే సంఘం అది. ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న. "ఆగు పెద్దమ్మా, లెక్క ఎక్కడికీ పోలేదు" అన్నాను గాని, నాకూ లోపల భయంగానే ఉన్నది.

పాత పెట్టెకు ఎస్.ఎం.పి.ఎస్. మార్చి, డిస్కు తిరిగి తగిలించగానే లేచింది. చెడినది కరెంటు డబ్బా మాత్రమే! అయినా యంత్రం ముసలిది, నమ్మడానికి లేదు కనుక ఇమేజి తీయాలని నిర్ణయించాము.

కొత్త పెట్టె ఎందుకు గుర్తించలేదో చెబుతాను. పాత యంత్రాలు బయోసు పద్ధతిలో లేస్తాయి, కొత్తవి యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో. పాత పద్ధతిని కూడా ఒప్పుకునే సదుపాయం కొన్నింటిలో ఉంటుంది, ఆ పెట్టెలో లేదు. పైగా విండోసు 7కు యు.ఎస్.బి. 3 డ్రైవర్లు పుట్టుకతో లేవు, కాబట్టి ఎలాగో లేచినా కీబోర్డు, మౌసు పనిచేయకపోవచ్చు. దాదాపు అదే కాలపు సెకండ్‌హ్యాండ్ పెట్టె అయితే బయోసు సెట్టింగులో డిస్కు పద్ధతిని ఐ.డి.ఇ. నుండి ఎ.హెచ్.సి.ఐ.కి గాని, అటునుండి ఇటుగాని పాతదానిలో ఉన్నట్లే మార్చితే చాలాసార్లు లేస్తుంది. మరొక సంఘంలో ఆ ఒక్క మార్పుతోనే పని అయింది.

ఇక్కడ వేరే దారి పట్టాము. మైక్రోసాఫ్ట్ వారు ఉచితంగా ఇచ్చే డిస్క్‌టువిహెచ్‌డి అనే చిన్న ప్రోగ్రాముతో, పాత కంప్యూటరు నడుస్తుండగానే డిస్కు మొత్తాన్ని ఒక్క ఫైలుగా బయటి డిస్కులోకి తీశాము. కొత్త కంప్యూటరులో వర్చువల్‌బాక్స్ ఎక్కించి ఆ ఫైలును దానికి ఇచ్చాము. ఇది కంప్యూటరు లోపల కంప్యూటరు. పాత బయోసునూ పాత డిస్కు దారినీ అనుకరిస్తుంది గనుక విండోసు 7 తన ఇంట్లోనే ఉన్నాననుకొని లేచింది. మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న విండోసు 7కు రక్షణ మార్పులు ఇవ్వడం మానివేసింది కనుక లోపలి కంప్యూటరుకు ఇంటర్నెట్ ఇవ్వలేదు. లైసెన్సు విషయం కూడా చూసుకోవాలి. యంత్రంతోపాటు వచ్చిన విండోసు ఆ యంత్రానికే చెల్లుతుంది. విడిగా కొన్నదైతే మార్చుకోవచ్చు. ఈ సంఘం విడిగా కొన్న బిల్లు ఫైలులో ఉన్నది.

తూకం యంత్రం, పాల ఎనలైజరు తీగలు మాత్రం సగం రోజు తిన్నాయి. పాత పెట్టెకు వెనుక తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు ఉంటుంది, కొత్తదానికి లేదు. యు.ఎస్.బి. నుండి సీరియల్‌కు మార్చే తీగ కొనవలసి వచ్చింది. ఆ తీగను వేరే రంధ్రంలో పెడితే పోర్టు అంకె మారిపోవచ్చు, తూకం రాదు. అందుకని రంధ్రం పక్కన రంగు పూసి గుర్తు పెట్టించాను.

ఇప్పుడు నా తప్పు. ఇమేజి అనేది ఆ గంటకు తీసిన ఫోటో వంటిది, తరువాత పోసిన పాలు అందులో ఉండవు. మేము మధ్యాహ్నం ఇమేజి తీశాము. సాయంత్రం అలవాటు చొప్పున పాత కంప్యూటరులోనే పాలు పోయించుకున్నారు, నేను వద్దని చెప్పలేదు. మరునాడు కొత్తదానిలో చూస్తే ఆ పూట లెక్క లేదు. సభ్యుల చీటీలు పోగుచేసి ఒక్కొక్కటే ఎక్కించి, మొత్తం లీటర్లను ఆ పూట క్యాన్లు పంపిన ట్రక్ షీటుతో సరిచూసేసరికి చాలా పొద్దుపోయింది. సాయంత్రపు సేకరణ ముగిశాక ఇమేజి తీసి, ఆపైన పాతదానిని ముట్టుకోకుండా ఉంటే ఈ బాధ లేకపోయేది.

గడచిన పదిహేను రోజుల బిల్లును రెండింటిలోనూ అచ్చుతీసి, సభ్యుల పాస్‌బుక్కులతో, వెన్న శాతం రేటు పట్టికతో కలిపి చూశాము. తేదీ కూడా చూడవలసినదే. పాత బోర్డుమీది 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ చచ్చి ఉంటే తేదీ ఎన్నో ఏండ్లు వెనక్కి పోయి, ఇవాళ పోసిన పాలు ఆ తేదీన నమోదవుతాయి. ఇక్కడ అది సరిగానే ఉన్నది.

పాత కంప్యూటరును అమ్మివేద్దామని పాలకవర్గంలో ఒకరిద్దరు అన్నారు. ఆడిట్ పూర్తయి, బోనసు పంచేదాకా వద్దని మినిట్సులో రాయించాను. బయటి డిస్కులోని ఇమేజి నకలు ఒకటి కార్యదర్శి బీరువాలో, మరొకటి అధ్యక్షుని ఇంట్లో ఉన్నాయి. పెద్దామె పాస్‌బుక్కును ఆమె ఎదుటనే తెరమీది అంకెతో కలిపి చూపించాము. లీటర్లు సరిపోయాయి, వెన్న శాతం ఎందుకు తక్కువ వస్తున్నదని ఆమె గొడవ పెట్టుకున్నది. అది వేరే తనిఖీ.